కౌంటరు ముందు స్టూళ్లు

"డైనరు" అను మాట మీలో చాలమందికి క్రొత్తగా నుండవచ్చును. అమెరికా దేశములో డైనరు అనగా రైలుపెట్టె వలె పొడవుగాను ఇరుకుగాను ఉండు భోజనశాల. లోపలికి పోగానే ఈ చివరనుండి ఆ చివరవరకు ఒక కౌంటరు. దాని ముందు నేలకు బిగించిన గుండ్రని ఎత్తు స్టూళ్లు. కౌంటరుకు ఆవల పెనము, పెనము యొద్ద వంటవాడు. కిటికీల వైపున ఎదురెదురుగా బెంచీలు వేసిన బల్లలు. గోడలకు తళతళలాడు స్టీలు రేకులు. తెల్లవారుజామున పోయినను గ్రుడ్లు, రొట్టె, కాఫీ దొరకును. చాల చోట్ల అర్ధరాత్రి పోయినను దొరకును. కాఫీకి ఒకసారి డబ్బిచ్చిన యెడల కప్పు ఖాళీ అయినప్పుడెల్ల మరల పోయుచునే యుందురు. మన ప్రాంతములో సాంబారు మరల పోయుట వంటిదన్నమాట.

నేను మా అమ్మాయి యింట ఆరు నెలలుండుటకు వచ్చితిని. వారుండునది న్యూజెర్సీ. డైనర్లు ఎక్కువగా నున్న రాష్ట్రమని దానికి పేరు. మన తెలుగువారును అక్కడ ఎక్కువే. ఈ డైనర్లు మొదట రైలుపెట్టెలే అయి యుండునని నేననుకొంటిని. మా అల్లుడుగారు కాదని చెప్పి, వాటి కథ వివరించిరి. 1872లో ప్రావిడెన్సు పట్టణమున వాల్టర్ స్కాట్ అను నతడు గుఱ్ఱపుబండిలో రొట్టెలు, కాఫీ పెట్టుకొని, రాత్రివేళ పత్రికాఫీసులలో పని చేయువారికి అమ్మెనట. ఆ వేళకు హోటళ్లన్నియు మూసివేసెడివారు. రాత్రి కష్టపడువానికి తిండి లేదు. తరువాత ఆ బండ్లు పెద్దవై, కొనువారు వానలో తడవకుండ లోపలికి వచ్చి నిలుచుండునట్లు చేయబడినవి. పిమ్మట చక్రములు పోయి, ఒకచోట స్థిరపడినవి. వీటిని కార్ఖానాలలో పూర్తిగా కట్టి, రైలు మీదనో లారీ మీదనో తెచ్చి నిలుపుచుండిరి. అంత ఇరుకుగా నుండుటకు కారణమదియే. దారిలో పట్టవలెను గదా. వూస్టరు పట్టణములోని ఒక కంపెనీ 1906 మొదలు 1957 వరకు ఇట్టివి సుమారు 650 కట్టెను.

మరియొక సంగతి విని నేను కడుపుబ్బ నవ్వితిని. పూర్వము ఈ కౌంటర్ల యొద్ద వడ్డించువారు వంటవానికి కేకవేసి చెప్పుటకు ఒక వింత భాష యుండెను. కాల్చిన రొట్టె మీద నీళ్లలో ఉడికించిన రెండు గ్రుడ్లు కావలెనన్న, "తెప్ప మీద ఆదాము హవ్వలు!" అని కేక. మంచినీళ్లకు ఆదాము పానీయమని పేరు. పంది తొడ మాంసమునకు "నోవహు కుమారుడు" అనెడివారు. ఏలయనగా ఆ మాంసమునకు ఇంగ్లీషులో నున్న పేరును, నోవహు కుమారుడైన హాము పేరును ఒక్కటే. మూత పెట్టిన హవ్వ అనగా ఆపిలు పండ్లు పెట్టి పైన పిండిరేకు కప్పి కాల్చిన పై. మన సండేస్కూలు పిల్లలకు ఈ మాటలు చెప్పినచో ఆదికాండము ఎన్నటికిని మరువరు.

ఇక విందు సంగతి. మా అమ్మాయివారు ప్రతి సంవత్సరము అక్టోబరులో బంధుమిత్రులను పిలిచి భోజనము పెట్టుదురు. ఎప్పుడును బిరియానియే. ఈసారి మా మనుమరాలు, పండ్రెండేండ్ల పిల్ల, "బిరియానీ వద్దు, మనింటినే డైనర్ చేసేద్దాం" అని పట్టుపట్టెను. తల్లి ఒప్పుకొనెను. ఒప్పుకొనిన తరువాత గదా లెక్కలు మొదలైనవి!

పిలువవలసినవారు ఇరువదినలుగురు. అందులో మా అల్లుడుగారి ఆఫీసు స్నేహితులైన అయిదుగురు శాకాహారులు. గొడ్డుమాంసము ముట్టనివారు మరి ఏడుగురు. హాంబర్గరు అనగా కీమా మాంసమును బిళ్లగా చేసి పెనము మీద కాల్చి, బన్ను మధ్య పెట్టునది. ఒక పౌను మాంసమునకు, అనగా సుమారు 450 గ్రాములకు, నాలుగు బిళ్లలగును. గొడ్డుమాంసము మూడు పౌన్లు, కోడిమాంసము మూడు పౌన్లు తెచ్చుటకును, శాకాహారులకు బంగాళాదుంప, రాజ్మా కలిపి పది బిళ్లలు చేయుటకును నిశ్చయమైనది. ఉప్పు ముందుగా కలిపి పిసికినచో మాంసము గట్టిపడునట. పెనము మీద వేసినప్పుడే పైన చల్లవలెను. బంగాళాదుంపలు పండ్రెండు పౌన్లు. వాటిని వ్రేలంత ముక్కలుగా కోసి, చల్లని నీళ్లలో నానవేసి, గుడ్డతో తడి లేకుండ తుడిచి, రెండుమార్లు వేయింపవలెను. మొదట సన్నని సెగ మీద, ఆరిన తరువాత మంచి సెగ మీద. ఈ రెండవ మారు వేయించుటలోనే కరకర అంతయు నున్నది. ఒక్క మారే వేయించి పెట్టు హోటళ్లవారు నా దృష్టిలో సోమరులు.

పెనముల యొద్ద కొంత తర్జనభర్జన జరిగెను. శాకాహారులకు వేరు పెనము, వేరు అట్లకాడ కావలెనని మా అమ్మాయి చెప్పినప్పుడు నాకు మొదట మనసులో ముల్లు గ్రుచ్చుకొన్నట్లాయెను. వేరు పాత్ర అను మాట చిన్ననాటినుండి నాకు గిట్టదు. ఎందుకో ముందు వ్రాయుదును. కాని ఆలోచింపగా ఇది ఆ జాతి సంగతి కాదని తోచెను. ఇక్కడ తినువారే తమ కడుపు కొరకు కోరుకొనుచున్నారు. ఎవరును వారిని గుమ్మము బయట కూర్చుండుమనుట లేదు. వారి పెనమును మన పెనము ప్రక్కనే, అదే పొయ్యి మీద పెట్టుటకు ఒప్పుకొంటిమి.

వంట ఎవరిదన్న ప్రశ్నకు మాత్రము నేనే తీర్పు చెప్పితిని. మన యిండ్లలో ఆడువారు వంటగదిలో చెమటకారుచు ఉందురు. మగవారు వసారాలో కూర్చుండి, ఉప్పు తక్కువైనదని అక్కడినుండి కబురంపుదురు. డైనరులో అట్లు కుదరదు. వండువాడు తినువాని కండ్ల యెదుట నిలిచి వండవలెను. కనుక మా అల్లుడుగారును, వారి తమ్ముడును కాగితపు టోపీలు పెట్టుకొని పెనము యొద్ద నిలువవలెననియు, ఆడువారు స్టూళ్ల మీద కూర్చుండి చీటీలు వ్రాసి ఇయ్యవలెననియు చెప్పితిని. "అత్తయ్యగారూ, మీరు చెప్పాక తప్పుతుందా" అని వారు నవ్వుచు ఒప్పుకొనిరి. లోపల ఏమనుకొనిరో నాకేల?

ఇంతవరకు అంతయు సంతోషముగనే సాగెను. ఒకనాటి సాయంకాలము మనుమరాలు ఆహ్వానపు కార్డు గీసి తెచ్చి చూపినది. ఎఱ్ఱని అంచు, మధ్య మిల్కుషేకు గ్లాసు, దాని క్రింద పెద్ద అక్షరములతో "1955వ సంవత్సరానికి రండి!" అని యుండెను. ఇటువంటి విందులకు అలంకారములమ్ము దుకాణములలో ఏ వస్తువు చూచినను ఆ కాలపుదే. నలుపు తెలుపు గళ్ల కాగితము, ఆనాటి కారుల బొమ్మలు, ఆనాటి పాటలు. పిల్లకేమి తెలియును? బాగున్నదన్నాను, నిజముగనే బాగున్నది. తరువాత పిలువవలసినవారి పట్టీ చూచితిని. అందులో అయిదవ పేరు ఎదురింటి పెద్దమ్మగారిది.

ఆమె నల్లజాతివారు. వయస్సు ఎనుబది. ముప్పది యేండ్లు నర్సుగా పనిచేసి, భర్త పోయిన తరువాత ఒంటరిగా నుండి, మా మనుమరాలు పుట్టినది మొదలు దానిని తన మనుమరాలివలె చూచుకొన్నవారు. పుట్టినది దక్షిణ కరోలినాలోని ఒక పల్లె.

"ఈ పెద్దమ్మగారు 1955లో ఏ డైనరులో కూర్చున్నారే?" అని మా అమ్మాయిని అడిగితిని.

అది కొంతసేపు మాటలాడలేదు. "నిజమేనమ్మా, నాకు తట్టలేదు. ఏడాది తీసేద్దాంలే. ఆమెకు చెప్పక్కర్లేదు" అనెను.

చదువరులకు ఇది బోధపడుటకు కొంత చరిత్ర చెప్పవలెను. ఆ కాలమున దక్షిణ రాష్ట్రములలోని దుకాణములలో నల్లవారు సబ్బు కొనవచ్చును, కాగితము కొనవచ్చును, ఇచ్చిన డబ్బు దుకాణదారుడు సంతోషముగా పుచ్చుకొనును. కాని అదే దుకాణములోని ఫలాహారపు కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుండుటకు వీలులేదు. 1960 ఫిబ్రవరి 1వ తేదీన గ్రీన్స్‌బరో పట్టణములో కళాశాల విద్యార్థులు నలుగురు, ఎజెల్ బ్లెయిర్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్నీల్, డేవిడ్ రిచ్‌మండ్ అనువారు, వూల్‌వర్త్ దుకాణములో చిన్న వస్తువులు కొని, రసీదు పుచ్చుకొని, పోయి ఆ స్టూళ్ల మీద కూర్చుండి కాఫీ అడిగిరి. ఇయ్యలేదు. దుకాణము మూయువరకు వారు లేవలేదు. మరునాడు ఇంకను ఎక్కువమంది వచ్చిరి. కొన్ని వారములలోనే అది అనేక పట్టణములకు ప్రాకెను. జూలై 25వ తేదీన ఆ దుకాణమువారు పట్టు విడిచిరి. ఆ దినమున మొదట కూర్చుండి తినినవారు ఎవరనుకొన్నారు? ఆ దుకాణములో పనిచేయు నల్లవారే. కౌంటరుకు ఆవలి ప్రక్క తాము ప్రతిదినము పని చేసిన చోటనే, ఈవలి ప్రక్క కూర్చుండుటకు వారికి అన్ని యేండ్లు పట్టెను. దేశమంతటికి చట్టము 1964లో వచ్చెను.

ఇందులో మన దేశపు పాలు కూడ నున్నది. నాష్‌విల్ పట్టణములో విద్యార్థులకు ఇట్లు కూర్చుండుట నేర్పినవారు జేమ్స్ లాసన్ అను నల్లజాతి బోధకులు. ఆయన మెథడిస్టు మిషనరీగా మన విజయవాడనుండి ఢిల్లీ పోవు రైలు దారిలోనున్న నాగపూరునకు 1953లో వచ్చి, మూడేండ్లు హిస్లాప్ కళాశాలలో నుండి, గాంధీగారి సత్యాగ్రహ పద్ధతిని శ్రద్ధగా నేర్చుకొని పోయిరి. అక్కడ విద్యార్థులను కూర్చుండబెట్టి, కొందరిచేత తిట్టించి, త్రోయించి, ఓర్చుకొనుట అభ్యాసము చేయించిరట. కొట్టినను తిరిగి కొట్టరాదు. కౌంటరు వైపు ముఖము త్రిప్పి తిన్నగా కూర్చుండవలెను. 1960 మే 10వ తేదీన ఆ పట్టణపు కౌంటర్లు నల్లవారికి తెరువబడినవి. లాసన్ గారు 2024లో తమ తొంబదియైదవ యేట మరణించిరి.

సంవత్సరమును చెప్పకుండ తీసివేయుటకు నాకు మనస్కరించలేదు. చెప్పకుండ చేసిన మంచి కూడ ఒక్కొక్కప్పుడు మనిషిని ప్రక్కకు నెట్టినట్లే యుండును. నేను బడిలో ముప్పది యేండ్లు చెప్పిన ఇంగ్లీషును కూడదీసికొని, పిల్లను వెంటబెట్టుకొని, ఎదురింటికి పోయితిని.

ఆమె కార్డు చూచి, కండ్లజోడు తీసి, తుడిచి, మరల పెట్టుకొని చదివిరి. తరువాత గట్టిగా నవ్విరి. "1955కి రమ్మంటే నేను మీ ఇంటికి వెనక గుమ్మంనించి రావాలి కదమ్మా!" అనిరి.

పిల్ల ముఖము ఎఱ్ఱబారినది. ఆమె దానిని దగ్గర కూర్చుండబెట్టుకొని చెప్పిరి. తమ యూరి దుకాణములో కౌంటరు ముందు స్టూళ్లు గిరగిర తిరిగెడివట. తెల్లవారి పిల్లలు వాటి మీద తిరుగుచు ఐస్‌క్రీము తినుచుండగా, తాను అమ్మ కొంగు పట్టుకొని చూచుచుండెడివారట. వీరికి కావలసినది కాగితపు సంచిలో పెట్టి వెనుక తలుపు యొద్ద ఇచ్చెడివారు. బస్సులో దూరము పోవలసినప్పుడు తల్లి కోడిముక్కలు వేయించి, చెప్పుల అట్టపెట్టెలో పెట్టి కట్టెడిది. దారిలో ఎక్కడను తమకు పెట్టువారుండరు గనుక. "ఆ ఐస్‌క్రీమ్ మీద నాకంత ఆశ లేదు. మా ఇంట్లో మా అమ్మ చేసేది. ఆ స్టూలు మీద ఒక్కసారి తిరగాలని ఉండేది" అనిరి.

అప్పుడు నేను మా నాయన గ్లాసు సంగతి చెప్పితిని. నాకు ఎనిమిదేండ్లు. సంత దారిలో ఒక తాటాకు పాక కాఫీ హోటలు. లోపల బల్లలు, బెంచీలు ఉండెను. మా నాయన లోపలికి పోడు. పాక చూరులో మా పేటవారి కొరకు చెక్కియున్న గ్లాసు తానే తీసి, తానే కడుగుకొని, రెండు చేతులతో పట్టుకొనగా, హోటలువాడు ఎత్తునుండి టీ పోసెడివాడు. నాయన నేల మీద గొంతుకూర్చుండి త్రాగి, మరల కడిగి, చూరులో చెక్కెడివాడు. ఇచ్చినవి లోపలివారు ఇచ్చిన పది నయాపైసలే. మన దేశములో అంటరానితనమును 1950లో రాజ్యాంగము రద్దు చేసెను. దానిని శిక్షించు చట్టము 1955లో వచ్చెను. చూడుడు, అదే సంవత్సరము! ఆ చట్టము సంగతి ఆ చూరులోని గ్లాసునకు చాలకాలము తెలియలేదు. ఇప్పటికిని కొన్ని ఊళ్లలో అది వేరు వేషములలో నిలిచియున్నదని మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆమె ఊరకే విని, "మీ నాన్నగారు ఎప్పుడైనా లోపల కూర్చున్నారా?" అని అడిగిరి. కూర్చుండినాడు, ఆ హోటలులో కాదు, నాకు ఉద్యోగము వచ్చిన తరువాత గుంటూరులో. పంచదార ఎక్కువైనదని సర్వరుతో తగవు పడినాడు కూడ. అది వినగానే ఆమె మరల నవ్విరి. ఈసారి కండ్లలో నీళ్లు తిరిగినవి. విందుకు తాము చిలగడదుంప పై రెండు చేసి తెచ్చెదమనిరి. మా పట్టీలో మూడు ఆపిలు పైలున్నవి, ఒక్కొక్కటి ఎనిమిది ముక్కలు, లెక్కకు సరిపోవునని నేను చెప్పితిని గాని, "మా ఇంటివాళ్ల విందులో చిలగడదుంప పై లేకపోతే అది విందే కాదు" అని వినలేదు.

ఇంటికి వచ్చి పిల్ల ఎవరితోను మాటలాడక కార్డు మరల గీసినది. మిల్కుషేకు గ్లాసు పోయి ఒక ఎత్తు స్టూలు వచ్చినది. క్రింద, "మా డైనరుకు రండి. ముందు గుమ్మంనించి రండి" అని మాత్రమే వ్రాసినది. దీని అర్థము అందరికిని తెలియునా అని మా అమ్మాయి అనుమానపడినది. తెలిసినవారికి తెలియును, తెలియనివారు ఎట్లును ముందు గుమ్మమునుండియే వచ్చెదరు గదా అంటిని.

స్టూళ్ల సమస్య మిగిలినది. వంటగది గట్టు ముందు నాలుగున్నవి. అవి కదలవు, తిరుగవు. మా అల్లుడుగారు రెండు రోజులు వెదకి, పాత సామానులమ్ము చోట, వీపు ఆనుకొనుటకు పట్టీ యున్న స్టూళ్లు రెండు తెచ్చిరి. వాటి ఇరుసులకు నూనె వేయగా చక్కగా తిరిగినవి. ఎనుబదేండ్ల మనిషి ఎక్కవలెను గనుక క్రింద ఒక పీట కూడ మేకు కొట్టి బిగించిరి. పిల్ల వాటిని పరీక్షించు నెపమున ఆ సాయంకాలమంతయు తిరిగినది. నేను కూడ ఎవరును చూడనప్పుడు ఒకసారి తిరిగి చూచితిని.

కడపట గ్లాసులు. డైనరులో మిల్కుషేకు ఇచ్చు పద్ధతి యొకటున్నది. ఐస్‌క్రీము మూడు గరిటెలకు పాలు అరకప్పు మించకుండ పోసి, పొడవైన స్టీలు గ్లాసులో చిలికి, గాజుగ్లాసు నిండుగ పోసి, మిగిలినదానిని ఆ స్టీలు గ్లాసుతోనే ప్రక్కన పెట్టుదురు. పాలు ఎక్కువైనచో మజ్జిగ యగును. మా అమ్మాయి యొద్ద స్టీలు గ్లాసులు పదునాలుగే యున్నవి. "మనవాళ్లకు స్టీలువి పెడదాం, తక్కినవాళ్లకు కాగితం కప్పులు" అని అది తొందరలో అనినది. అని, నా ముఖము చూచి, తానే నాలుక కరచుకొనెను.

మన సంఘములలో ప్రేమవిందుకు పళ్లెములు చాలనప్పుడు ఇంటింటికి పోయి అడిగి తెత్తుము గదా, అట్లే చేసితిమి. వెనుక వీధి తెలుగువారి యింట ఆరు దొరికినవి. అల్లుడుగారి తమ్ముని యింట మూడు. శుక్రవారము రాత్రి అన్నియు కడిగి, కౌంటరు మీద బోర్లించి లెక్కపెట్టగా ఇరువదిమూడు. ఒకటి తక్కువ. మా మనుమరాలు లోపలికి పోయి, చిన్నప్పుడు తాను పాలు త్రాగిన గ్లాసు, నేనే గుంటూరులో కొని పంపినది, అడుగున సొట్టపడినది, తెచ్చి వరుసలో పెట్టినది.